టైపు మిషను నోరు మూసింది

ఆఖరి రోజు కూడా అమ్మ టాక్సీ బానెట్ ఎత్తింది. ఆయిల్ చూసే పుల్ల లాగి, తువ్వాలు ముక్కతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకేసి పట్టి చూసింది. "బంగారంలా ఉంది" అని తనలో తనే అనుకుని, చేతులు కడుక్కుని, అన్నం తిని, కాసేపు నడుం వాల్చింది. అంతే, మళ్లీ లేవలేదు. పరామర్శకు వచ్చిన స్టాండు వాళ్లు కళ్లొత్తుకుంటూనే టైపు మిషను సంగతి ఎత్తి నవ్వేశారు. కూతురికి ఆ నవ్వే ఊరట. ఆ రోజు గరాటా పట్టుకుంది తనే మరి.

కారు పాతదే అయినా అమ్మ సొంతంగా కొనుక్కుంది. దాని మంచిచెడ్డలు మరిది చూసేవాడు. టాక్సీ స్టాండు పక్కనే ఆయన మెకానిక్ షెడ్డు. పాత బండి కనబడితే చాలు, బాగా చిక్కటి ఆయిల్ పొయ్యడం ఆ షెడ్డు ఆచారం.

"వయసైన ఇంజను వదినా! లోపల సందులొస్తాయి. చిక్కటిది పోస్తే చప్పుడు చచ్చినట్టు అణుగుతుంది."

అణగలేదు సరికదా, చలి మొదలయ్యేసరికి పొద్దున్నే బానెట్ కింద టకటకమని ఒకటే మోత.

"టైపు మిషనొచ్చిందిరోయ్! అర్జీలు రాయించుకునేవాళ్లంతా రండి!" అంటూ స్టాండులో ఎకసెక్కాలు.

ఎకసెక్కాలతో పోతే బాగానే ఉండేది. చప్పుడు చేసే కారు వరసలో చివరికి వెళ్లాలి, బాగుపడకపోతే స్టాండు నుంచే బయటికి పోవాలి. అది అక్కడి కట్టుబాటు. తీర్పు చెప్పేది అందరికంటే ముందు నుంచీ టాక్సీ నడుపుతున్న పెద్దాయన. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. అమ్మ కారు విని, "సోమవారం దాకా చూస్తానమ్మా" అన్నాడు. స్టాండు పోతే బేరాలు లేవు. బేరాలు లేకపోతే పొయ్యి వెలగదు.

"ఇంజను విప్పాలి, లేదంటే అమ్మెయ్యాలి" అని మరిది తేల్చేశాడు.

అమ్మకు ఒకటే అంతుపట్టలేదు. అరిగిపోయిన ఇంజనైతే రోజంతా మోగాలి కదా, ఒక బేరం తిరిగొచ్చేసరికి ఎందుకు ఊరుకుంటోంది? వంటింట్లో పంచదార పాకం గిన్నె కడుగుతుంటే తట్టింది. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారే పాకం, చల్లారాక గరిటెను వదలదు. పొద్దున్నే ఆయిల్ పైకి ఎక్కలేక, పైనున్న భాగాలు పొడిగా కొట్టుకుంటున్నాయేమో! పరుగున వెళ్లి ఆయిల్ పోసే మూత తిప్పి తీసింది. ఏ రకం పొయ్యాలో దానిమీదే అచ్చు వేసి ఉంది. ఇన్నాళ్లూ అందరూ తిప్పిన మూతే, చదివినవాళ్లు లేరు. పొయ్యాల్సింది పల్చటిది.

"పల్చటిదా! ఇంజను పట్టేస్తుంది. నా చేత్తో పొయ్యను వదినా."

"నాకూ ఉన్నాయిలే చేతులు, మరిదిగారూ."

"చప్పుడు తగ్గితే నిన్ను మేస్త్రీ అని పిలుస్తా!"

"ఇప్పట్నించే అలవాటు చేసుకో."

ఆదివారం నాడు కారు ముందు చక్రాలు చెక్క దిమ్మల మీదికెక్కించి, చీర ఎగదోపి అమ్మ కిందికి దూరింది. పాత ఆయిల్ తారులా దిగింది. ఫిల్టరు మార్చి కొత్తది పోస్తుంటే, కూతురు పట్టుకున్న గరాటా డబ్బాకి తగిలి టకటకమంది.

"ఏమేవ్, నీకూ ఇంజను చెడిందా? సరిగ్గా పట్టు" అంది అమ్మ.

ముందే వేడెక్కించి తెచ్చిందన్న పేచీ రాకుండా ఆ సాయంత్రమే కారు తీసుకెళ్లి స్టాండులో వదిలేసింది, రాత్రంతా చలికి బాగా చల్లబడాలని.

సోమవారం పొద్దున టీ గ్లాసులతో స్టాండంతా మూగింది. అమ్మ తాళం తిప్పింది. టక్, టక్ అని రెండు ముక్కలు మాట్లాడి ఇంజను నోరు మూసింది. పెద్దాయన బానెట్ మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడే!

"ఇంక స్టార్టు చెయ్యమ్మా."

"నడుస్తోందండీ."

"ఏదీ?"

అమ్మ యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజను భుర్రుమనేసరికి పెద్దాయన ఒక్క గెంతు గెంతాడు. స్టాండు గొల్లుమంది.

"దీన్ని వరసలో ముందు పెట్టండర్రా!" అన్నాడాయన, జారిన కండువా సర్దుకుంటూ.

అమ్మ హారను సాగదీసి మోగిస్తూ షెడ్డు ముందుకొచ్చి, అద్దం దించింది.

"ఏదో అంటానన్నావు?"

"మేస్త్రీ" అని గొణిగాడు మరిది.

"వినపడలా. ఇంజను చప్పుడు కూడా లేదే!"

"మేస్త్రీ!" అని అరిచాడు.

ఆ తర్వాత చాలామంది తమ బండ్లకూ పల్చటిదే పొయ్యమని ఎగబడితే అమ్మే ఆపింది. "ముందు మీ మూతలు చదువుకోండి. అరిగినదానికి ఏది పోసినా మూలుగుతుంది. నాది ఆకలికి అరిచిందంతే" అంది.

మరిది మాత్రం ఆమె ఉన్నన్నాళ్లూ, "అదేదో గాలివాటం. నా బండికి చచ్చినా చిక్కటిదే" అంటూనే ఉన్నాడు.

అమ్మ పోయాక కారు తనే నడుపుదామని కూతురు ఆయిల్ కొనడానికి వెళ్లింది. కొట్టతను డబ్బా అందిస్తూ అన్నాడు.

"మీ బాబాయి కారుకీ ఇదేగా! ఆ చలికాలం నుంచీ ఇదే తీసుకెళ్తున్నాడు. మీ అమ్మ కంటపడకుండా పాత పేపర్లో చుట్టిమ్మనేవాడు."