మామ కారవాన్, నా సిలికాన్

ఆ రోజుల్లో మా మెదక్‌లో బీటెక్ పాసై ఇంట్లో కూర్చున్నవాణ్ని ఎవరూ ఖాళీగా ఉన్నాడనేవారు కాదు. "ట్రై చేస్తుండు" అనేవారు. నేనూ అలాగే మధ్యాహ్నం దాకా నిద్రపోయి, సాయంత్రం చర్చి దాకా నడిచి, రాత్రి అన్నం దగ్గర నాన్న చూపు తప్పించుకుంటూ ఎంతో శ్రద్ధగా ట్రై చేస్తుండగా, మా మేనమామ ఒక పాత స్కూలు మినీబస్సు కొన్నాడు. సీట్లు పీకించి, పరుపులు వేయించి, గ్యాస్ పొయ్యి, సింకు బిగించి దానికి కారవాన్ అని పేరు పెట్టాడు. హైదరాబాద్ వాళ్లు కిరాయికి తీసుకుని అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఏడుపాయల గుడి, పోచారం చెరువు చూస్తారట. (మెదక్ నుంచి ఏడుపాయల ఎంత దూరమని! అక్కడికి పోయిరావడానికి పరుపెందుకో నేను అడగలేదు. మామ నన్ను ఆ బండికి చీఫ్ ఇంజనీర్‌ను చేశాడు మరి.)

నాన్నకు ఎరువుల దుకాణం. ఆయన ఒక్కటే మాటన్నాడు. "మొదటి కిరాయి మంచిగైతే నీ ఇష్టం. లేకుంటే సోమవారం నుంచి సప్పుడు చెయ్యక దుకాణంల కూసో." జీవితాంతం యూరియా బస్తాల మధ్య కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను.

బండి పూజ మా అత్త చేతుల మీదుగా జరిగింది. నిమ్మకాయలు తొక్కించాం, గుమ్మడికాయ కొట్టాం. అంతటితో ఆగితే ఆమె మా అత్త ఎందుకవుతుంది? "పండుకునే జాగ అంటే ఇల్లే గదా. ఇంటికి తోరణం లేకుంటెట్ల?" అని ప్రతి కిటికీ పైనా, లోపలివైపు, ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టమంది. మేకులు దిగకపోతే మామ డ్రిల్లు తెచ్చి ఇంతింత పొడుగు స్క్రూలతో బిగించేశాడు. "మొదటి కిరాయి అయ్యేదాంక వాటిని ఎవ్వలు ముట్టొద్దు. ముడితే అరిష్టం" అని శాసనం చేసింది అత్త. మర్నాడే వాన పడి, కిటికీల కింద పరుపులు తడిసి ముద్దయ్యాయి.

"ఇంజనీర్ సాబ్, జర చూడు" అన్నాడు మామ. చూశాను. ఫోన్‌లో ఎవరో తెల్లాయన తన కారవాన్ కిటికీకి నీళ్లు కారకుండా సిలికాన్ జిగురు పట్టిస్తున్న వీడియో కూడా చూశాను. ఆయన చేతిలో అది వెన్నలా సాగింది. నా చేతిలో మాత్రం కిటికీకి తప్ప చొక్కాకీ, మోచేతికీ, కనుబొమ్మకీ అంటుకుంది. అద్దాల చుట్టూ రబ్బరు మార్చాను, రబ్బరు మీద సిలికాన్ పూశాను, సిలికాన్ మీద టేపు వేశాను. మామ పైనుంచి పైపుతో నీళ్లు కొడితే కిటికీలు మునుపటికంటే హుషారుగా కారాయి.

"అద్దాల కాడికెల్లే వస్తున్నయ్ మామా" అన్నాను, పెద్ద చదువు చదివిన గాంభీర్యంతో.

"తోరణం ఎనుక చూసినవా?"

"అత్త ముట్టొద్దన్నది గదా."

"అవ్, నిజమే" అన్నాడు మామ చటుక్కున. అత్త మాట దగ్గర మా ఇద్దరి ధైర్యం ఒక్కటే. తోరణాలు వదిలేసి తక్కిన బస్సంతా సీలు చేశాం. (డ్రైవర్ పక్క కిటికీ ఆ తర్వాత మళ్లీ తెరుచుకోలేదు.)

శనివారం మొదటి కిరాయి తగిలింది. హైదరాబాద్ కుటుంబం, వెంట ఒక ముసలమ్మ, ఏడుపాయల అమ్మవారి దర్శనం. అత్త హారతిచ్చి పంపింది. మామ బండి నడుపుతున్నాడు. ఊరు దాటామో లేదో వాన అందుకుంది. మామ పక్కన కూర్చున్న నేను వెనక్కి చూశాను. అద్దాల దగ్గర చుక్క తడి లేదు. నీళ్లన్నీ రేకు దాటి బయటికి పొడుచుకుపోయిన స్క్రూల బొక్కల్లోంచి దిగి, తోరణం వెంట పాకి, ఒక్కో ప్లాస్టిక్ ఆకు కొస నుంచి జనం నెత్తి మీద పడుతున్నాయి. ఆ బొక్కలు కొట్టిందీ మేమే, ఎవరూ ముట్టకుండా కాపలా కాసిందీ మేమే!

ఇంటాయన గయ్యిమని లేచాడు. "ఏందయ్యా ఇది? కారవానా, బాత్రూమా?"

నా కళ్ల ముందు యూరియా బస్తాలు కదిలాయి. ఇంతలో ముసలమ్మ కొడుకు చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "ఊకో బిడ్డా! అమ్మోరి కాడికి పోతుంటే మామిడాకులతోని నీళ్లు చల్లుతున్నరు. గింత మంచి ఏర్పాటు ఎవ్వలు చేస్తరు?" అని దోసిలి పట్టి, కళ్లకద్దుకుని, నెత్తిన చల్లుకుంది. మనవలూ దోసిళ్లు పట్టారు. కోడలు వీడియో తీసింది. "అవ్ అమ్మా, స్పెషల్‌గ పెట్టించినం" అన్నాడు మామ, కొంచెమైనా సిగ్గుపడకుండా.

మేం తిరిగొచ్చేలోపే ఆ వీడియో చూసినవాళ్లెవరో ఫోన్ చేసి, నీళ్లు చల్లే బండే కావాలన్నారు. "నేను చెప్పలే?" అంది అత్త. ఇక మొదటి కిరాయి అయిపోయింది కదా అని నేను ధైర్యంగా తోరణం స్క్రూ విప్పబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నవ్ అల్లుడా? ముట్టకు. వాన లేనప్పుడు పైన ట్యాంకు పెట్టి నీళ్లు ఇడుస్త."

"మరి నేనేం చెయ్యాలె?"

కారడమే గొప్పయిన బండిలో, కారకుండా చూసేవాడికి పనేముంటుంది? "కొన్ని దినాలు రెస్ట్ తీస్కో" అని మామ ప్రేమగా భుజం తట్టాడు. ఏడుపొచ్చింది నాకు, నిజంగానే.

సోమవారం పొద్దున దుకాణం మెట్లెక్కాను. నాన్న తలెత్తి చూశాడు.

"ఏమ్రా, కిరాయి ఎట్లయింది?"

"మస్తుగైంది నాయినా."

"మంచిగైతే మరి నువ్వెందుకొచ్చినవ్?"

బస్తా మీద దుమ్ము దులిపి కూర్చున్నాను. నాన్న ఛాయ్ తెప్పించాడు. ఇప్పుడు ఆ దుకాణం నేనే చూసుకుంటున్నాను. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే కాస్త జాలి కూడా. ఇంజనీర్‌గా నేను చేసిన పనుల్లో జనం మెచ్చుకున్నది ఆ కారుతున్న కారవాన్ ఒక్కటే, అదీ నాకు బాగుచేయడం రానందువల్ల.