సొరబుర్రల శనివారం

మొన్న మధ్యాహ్నం ధవళేశ్వరం నుంచి వచ్చిన పడవ నరసాపురం రేవులో ఆగీ ఆగకముందే మా బావమరిది గట్టు మీదికి దూకి, "బావగారూ, మీ లెక్కల మేష్టారు పోయారటండీ" అన్నాడు. అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. విస్తరి ముందు కూర్చుని లేచిపోయాను. వీధిలోకి వెళ్ళి ఎందుకొచ్చానో తెలియక వెనక్కి తిరిగాను. చివరికి అదే పడవెక్కి రాజమహేంద్రవరం బయలుదేరాను. దారిలో గాలి పడిపోయి, పడవవాళ్ళు గట్టున నడుస్తూ తాడుతో లాగుతుంటే ఒళ్ళు మండి, నేనూ దిగి నడిచాను.

నిజం చెప్పొద్దూ, కాలేజీలో ఆయన పాఠం అంతంత మాత్రమే. గొంతు పీల. వెనక బల్లలకు వినపడేది కాదు. శనివారం మధ్యాహ్నం మాత్రం అదే గొంతు వీధి చివరిదాకా వినిపించేది. "లేవండ్రా! ఇంకాసేపు కూర్చుంటే వేళ్ళు పుట్టుకొస్తాయి!" అంటూ అందరినీ ఈత కోసం రేవుకు తోలుకుపోయేవారు.

నేను వెళ్ళేవాణ్ణి కాదు. ఎఫ్.ఏ. పరీక్ష భయంతో రాత్రీ పగలూ పుస్తకం వల్లెవేసి, తిండి మానేసి, నిద్ర మరిచి పుల్లలా తయారయ్యాను. నేను భోంచేసే ఇంటి పెద్దమ్మగారు, "గాలి సోకింది నాయనా, తాయెత్తు కట్టించుకో" అంది. చదువుకు స్వస్తి చెప్పి ఇంటికి పోదామని మూట కట్టుకున్నాను. మేష్టారు వచ్చి నన్నూ, కిటికీలు మూసిన నా గదినీ చూసి, "నీకు పట్టింది దెయ్యం కాదురా, ఈ గది" అన్నారు.

"నాకు జలగండం ఉందండీ. నీళ్ళలో దిగనని అమ్మకు ఒట్టేశాను" అన్నాను.

"గోదారి ఒడ్డున ఉండి ఈత రానివాడికి గండం జాతకంలో రాయాలేంట్రా?"

అలాగని నా చేత ఒట్టు తప్పించలేదు. నాతోపాటు పడవెక్కి మా ఊరు మొగల్తూరు వచ్చి, మా అరుగు మీద కూర్చుని అమ్మను అడిగారు. అమ్మ తలుపు చాటునుంచే, "నాకు వాడొక్కడేనండి" అంది.

"అందుకేనమ్మా, నేర్పుతానంటున్నాను."

తరవాత అమ్మ విత్తనాలకని అటక మీద దాచిన ఎండు సొరబుర్రలు రెండు తెచ్చి, పాత చీర అంచు చించి, నీళ్ళలో తేలేందుకు వాటిని నా వీపుకు తనే కట్టింది. దూడకు వేసే ముడి అది. "ఇలా కట్టండి బాబూ, జారదు" అంది. ఆమె కళ్ళలోకి నేను చూడలేకపోయాను.

మొదటిరోజు సగం గోదారి నేనే తాగాను. తోటివాళ్ళు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి రెండోసారి అన్నం అడిగితే పెద్దమ్మగారు నిర్ఘాంతపోయింది!

పరీక్ష గట్టెక్కావా అంటారా? తప్పాను. ఆ సాయంత్రం గదిలో తలుపేసుకుంటే మేష్టారు తలుపు బాదారు. "తప్పినవాళ్ళను గోదారి రానివ్వదా ఏంటి? పద!" ఆ పిలుపే లేకపోతే నేనేమయ్యేవాణ్ణో తలచుకోవడానికి ఇప్పటికీ భయం. మరుసటేడు పాసయ్యాను.

నేను వెళ్ళేసరికి శనివారమైంది. మేష్టారింటి చూరుకు సొరబుర్రలు వేలాడుతున్నాయి. నేను అరుగు మీద కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, కాలేజీ కుర్రాళ్ళు భుజాన తువ్వాళ్ళతో అలవాటుగా వచ్చి, గుమ్మం దాకా వచ్చాక గుర్తొచ్చి, తలలు దించుకుని నిలబడిపోయారు.

లోపలినుంచి మేష్టారి భార్య గొంతు వినిపించింది. "ఆగారేం నాయనా? శనివారమే కదా."

నేనే చూరునుంచి బుర్రలు తీసి ముందు నడిచాను. రేవులో, అందరికంటే బక్కగా ఉన్న కుర్రాడి వీపుకు వాటిని కట్టబోతే వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయమేస్తోందండీ."

"నాకూనురా" అన్నాను, అమ్మ వేసిన ముడే బిగిస్తూ.