చెయ్యి అందించని డ్రిల్లు టీచరు

వయసు మళ్ళిన ఆడవాళ్ళెవరికీ నాగరత్నమ్మ టీచరు చెయ్యి అందించదు. కింద కూర్చున్న ముసలామె ఎవరైనా "చెయ్యి ఇయ్యక్కా, లేస్తాను" అందనుకోండి. మా టీచరు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుని, కరెంటు తీగ మీద కాకుల్ని చూస్తూ నిలబడిపోతుంది. ఆ ముసలామె మూలిగి, తిట్టి, తనంతట తాను లేచేదాకా ఆ చేతులు ముందుకు రావు. తిరుపతిలో మా వీధి వీధంతా ఆమెకు పెట్టిన పేరు రాతిగుండె టీచరు.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది రిటైరయింది. రిటైరయింది ఆమె గానీ, మెడలో విజిల్ కాలేదు. బళ్ళో పిల్లలు చేజారిపోయేసరికి వీధిలో అత్తగార్ల మీద పడింది. రోజూ సాయంత్రం మా అరుగు ముందు డ్రిల్లు. గోడకు ఒక్క వేలు ఆనించి ఒంటికాలి మీద నిలబడాలి. మునివేళ్ళ మీద లేచి మెల్లగా దిగాలి. నీళ్ళు నింపిన చెంబులు రెండు చేతులా భుజాలదాకా ఎత్తాలి. పీట మీద కూర్చుని, నేల మీద చెయ్యి ఆనించకుండా లేవాలి. పక్కామె భుజం పట్టుకున్నారో, విజిల్ మోగిందే.

ఎదురింటి రాఘవమ్మ ఒకసారి ఎదురు తిరిగింది. ఈ వయసులో ఒంటికాలి మీద నిలబడి ఎవురిని ఉద్ధరించాలని అడిగింది.

"బస్సెక్కేటప్పుడు ఎన్ని కాళ్ళ మీద ఉంటావు?" అంది టీచరు. "గడప దాటేటప్పుడు? ఒంటికాలి మీదనే కదా. ఆ ఒక్క కాలు గట్టిగా ఉంటే నువ్వు గట్టిగా ఉండావని అర్థం. ఊఁ, ఎత్తు."

రాఘవమ్మ గొణుక్కుంటూ కాలెత్తింది.

ఒక శుక్రవారం అందరం తిరుచానూరు అమ్మవారి దర్శనానికి పోయాము. ఇంకా తలుపులు తియ్యలేదు. ఊరికే కూర్చుంటే మోకాళ్ళు బిగుసుకుపోతాయని టీచరు మా ఆడవాళ్ళను పుష్కరిణి పక్కన వరసగా ఒంటికాలి మీద నిలబెట్టింది. దూరప్రాంతాల నుంచి వచ్చిన యాత్రికులు చూశారు. ఇక్కడి మొక్కు ఇదే కాబోలనుకుని చేతులు జోడించి వాళ్ళూ కాళ్ళెత్తారు. ఒకాయనైతే భార్యను కూడా కేకేసి పిలిచి నిలబెట్టాడు. టీచరు ఏమైనా కాదందా? వరసంతా తిరిగి, వంగిన నడుములను సరిచేసి మరీ వచ్చింది. ఆ తర్వాత ఎన్నాళ్ళో పూలమ్మే మునెమ్మ మమ్మల్ని చూస్తే తిట్టేది. ఒంటికాలి మొక్కు తీర్చేది యాడ అని జనం ఆమె ప్రాణం తోడేస్తున్నారట.

ఇక మా అమ్మ సంగతి. మా అక్కకు కాన్పు కష్టమైతే అమ్మ కొండ మీది స్వామికి మొక్కుకుంది. అలిపిరి నుంచి కొండపైదాకా ప్రతి మెట్టుకూ తన చేత్తో పసుపు రాసి కుంకుమ పెడతానని. తల్లీ బిడ్డా చల్లగా బయటపడ్డారు. మొక్కు తీర్చే లోపలే అమ్మ నీళ్ళ తొట్టి దగ్గర పాచి మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. గోడ పట్టుకోనిదే అడుగు వేసేది కాదు. వాకిట్లోకి రమ్మన్నా వణికేది. స్వామి బాకీ ఉంచుకుని పోతానేమో అని కూర్చుని ఏడ్చేది.

టీచరు పరామర్శకు వచ్చింది. నాలుగు మంచి మాటలు చెబుతుందనుకున్నాను.

"పోయేది తర్వాత సూద్దాం జ్ఞానాంబా. ముందు పీట మీంచి లెయ్."

అమ్మ చెయ్యి చాచింది. టీచరు చేతులు వెనక్కి పోయాయి. నేనే లేపుదామని వంగితే, మా ఇంట్లో, నా చెవి పక్కనే విజిల్ వేసింది.

"నువ్వు లేపితే ఆమె నీ కాళ్ళతో లేసినట్టు. ఆ కాళ్ళు కొండెక్కవు."

ఆ రోజు అమ్మకు పౌరుషం వచ్చింది. ఈ రాతిగుండె మనిషి ముందర లేచి చూపిస్తానని పంతం పట్టింది. టీచరుతో మాటలు మానేసింది గానీ డ్రిల్లు మానలేదు. మొదట గోడ, తర్వాత ఒక్క వేలు, తర్వాత అదీ లేదు. ఆపైన టీచరు కొత్త పాఠం పెట్టింది. అరుగు మెట్లకు రోజూ వంగి పసుపు రాయడం, లేవడం, మళ్ళీ వంగడం. మా ఇంటి మెట్లు ఎంత పచ్చబడ్డాయంటే, దారినపోయేవాళ్ళు లోపల పెళ్ళి ఎవరికని అడిగి పోయేవాళ్ళు.

చలి తగ్గినాక ఒక తెల్లవారుజామున అలిపిరిలో అమ్మ మొదటి మెట్టుకు బొట్టు పెట్టింది. టీచరు పిలవకుండానే వచ్చింది. దిగేది కూడా నడిచేననీ, బస్సు మాట ఎత్తితే ఊరుకోననీ ముందే హెచ్చరించింది. అమ్మ వంగుతుంది, రాస్తుంది, లేస్తుంది. వెనక టీచరు. పసుపు గిన్నెతో పక్కన నేను. గాలిగోపురం ముందు మెట్లు నిటారుగా ఉంటాయి కదా, అక్కడ వంగిన అమ్మ వెంటనే లేవలేకపోయింది.

"అక్కా, ఒక్కసారి చెయ్యి ఇయ్యి."

టీచరు చేతులు కట్టుకుని చెట్లకేసి చూస్తోంది. అమ్మ పళ్ళు బిగించి, తన తొడ మీదే అరచెయ్యి ఆనించి లేచింది. కళ్ళు చెమర్చినాయి గానీ ఇంకో మెట్టెక్కింది.

అప్పుడే నా చేతిలోని కుంకుమ పొట్లం జారితే, ఏరుకోవడానికి నాలుగు మెట్లు దిగాను. తలెత్తేసరికి మొదటిసారి వాళ్ళిద్దరూ వెనకనుంచి కనిపించారు. టీచరు చేతులు రెండూ చాచి ఉన్నాయి. దీపానికి గాలి తగలకుండా పెట్టినట్టు, అమ్మ నడుముకు అటొకటి ఇటొకటి, తగలీ తగలకుండా. అమ్మ వెనక్కి తల తిప్పగానే మాయమై, ముందుకు తిరగ్గానే మళ్ళీ వచ్చాయి. అమ్మ ఈడుదే ఆమె కూడా. ఆ చేతులు దించకుండా అన్ని మెట్లూ ఎక్కింది మహాతల్లి. వీధిలో కూడా ఒంటికాలి మీద ఉన్నవాళ్ళ వెనకే నిలబడేది. దొంగాటలు పట్టుకోవడానికేమో అనుకునేవాళ్ళం.

కొండపైన చివరి మెట్టుకు బొట్టు పెట్టి అమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది. టీచరు తన భుజాలు తానే పిసుక్కుంటూ, ఈడ చలి ఎక్కువ, కాఫీ తెస్తానని వెళ్ళింది. ఇదే సందని అమ్మ పక్కన చేరి, చూసింది చెప్పబోయాను. అమ్మ నా నోరు మూసింది.

"నాకు తెలుసులేమ్మా. అలిపిరి కాణ్ణుంచి నా నడుము కాడ ఆమె గాజులు గలగలమంటానే ఉండాయి. తెలిసిందని ఆమెకు చెప్పబాక. సిగ్గుపడి చేతులు తీసేస్తుంది. మళ్ళా కిందికి దిగల్ల కదా."

కాఫీ గ్లాసులతో టీచరు వస్తుంటే అమ్మ మొహం ముటముటలాడించుకుని, కొండెక్కినా నీ గుండె కరగలేదే అక్కా అని ఆమెను తిట్టడం మొదలుపెట్టింది.