పంపు తుపాకి వద్దన్నది నేనే

బర్మాలో సేక్కాన్ రేవు పక్కన మా బియ్యం గోదాంలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. గేటు కాసే ముసలి దర్వాను చేతులు పట్టు తప్పాయని, అందుకే తనిఖీ రోజున తుపాకి మొరాయించిందని. ఆ దర్వాను మా అమ్మ తమ్ముడు, మా మావ. మొన్న కొత్తగా చేరిన కుర్రాళ్ళు కూడా ఆయన చేతులు వణికినట్టు నటించి నవ్వుకుంటుంటే విన్నాను. ఆ చేతుల్లో ఏ లోపమూ లేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నేనక్కడ గుమస్తాని. బడి ఎనిమిదితో ఆగిపోయింది. మిగతాదంతా మా పేట లైబ్రరీ చలవ. నిఘంటువు పక్కన పెట్టుకుని పడవ ఇంజన్ల గురించి, తేనెటీగల గురించి, మూత్రపిండాల గురించి, ఏది దొరికితే అది చదివాను. బస్తాలు మోసేవాళ్ళు నన్ను "లైబ్రరీ" అని పిలిచేవారు. వాళ్ళకది వెక్కిరింత, నాకు బిరుదు.

మా యజమాని బర్మా ఆయన. అందరం ఆయన్ని సయా అంటాం, అయ్యగారని. ఆయన దగ్గర లైసెన్సున్న షాట్‌గన్లు రెండుండేవి. ఒకటి పంపు తుపాకి. పేల్చిన ప్రతిసారీ గొట్టం కింద పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తేనే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. రెండోది సెమీ ఆటోమేటిక్. తూటా పేలినప్పుడు పుట్టే గాలి లోపలి పిస్టన్‌ని నెట్టి ఆ పని తనే చేసేస్తుంది. రెండింట్లో ఒకటే ఉంచుకుని మిగతాది స్టేషన్లో అప్పగించమన్నారు పోలీసులు. ఏది నమ్మకమైనదని సయా మమ్మల్నిద్దర్నీ పిలిచి అడిగాడు.

"పంపుదే ఉంచండి సయా. ఇరవయ్యేళ్ళుగా నా సెయ్యి దానికలవాటు," అన్నాడు మావ.

నేను ఆగలేదు. "కంగారులో మనిషి పిడిని సగమే లాగుతాడు సయా, తూటా ఇరుక్కుంటుంది. రెండోదానికి కంగారన్నదే లేదు. పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను కూడా తక్కువ. పెద్ద వయసు కదా."

"నా బుజం సంగతి నీకేటి తెలుసే అమ్మీ? అది కూడా పుస్తకంలో ఏసేరా?"

గుమ్మంలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. నాకు మండింది. తన్ను ఎందుకు తగ్గుతుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. సయా బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, లైబ్రరీ మాటే ఖాయం," అన్నాడు.

నేనీ మాటలు చదివిన తుపాకుల పుస్తకంలో తర్వాతి పేజీ ఒకటుంది. సెమీ ఆటోమేటిక్ శుభ్రతని బట్టి నడుస్తుందని, నూనె ఎక్కువై లోపల జిగురు కడితే పిస్టన్ బలం చాలదని, పంపు తుపాకి చేతి బలంతో నడుస్తుంది కాబట్టి మురికిని ఓర్చుకుంటుందని. తుపాకిని కాదు, దాన్ని చూసుకునే మనిషిని చూసి ఎంచుకోమని. అదీ చదివాను. చెప్పలేదు. చెబితే మావ గెలిచేవాడు.

దసరా వచ్చింది. రేవులో బస్తాలు లాగడానికి సముద్రం దాటి వచ్చిన మా తాతలు కొక్కేలకి పూజ చేసేవారు. మేమింకా చేస్తున్నాం. కొక్కేలు, కాటా, లారీ, వాటి పక్కన తూటాలు తీసేసిన తుపాకి. మా అత్త, అంటే మావ భార్య, నువ్వుల నూనెలో పసుపు కలిపి అన్నిటికీ పూస్తుంది. పంపు తుపాకికీ ఏటేటా పూసింది. పూజయ్యాక మావ పైపైన గుడ్డతో తుడిచి పదిసార్లు పిడి లాగేవాడు, అది మామూలుగానే పనిచేసేది.

ఆ ఏడు అత్త ఇంకో గరిటెడు పోసింది. "కొత్తగా గేటుకొచ్చింది గదా, దిష్టి తగులుతాది," అంది. పచ్చటి నూనె గొట్టానికీ చెక్కకీ మధ్య సందులోకి జారడం నేను చూశాను. వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఆ పేజీ సంగతి బయటపెట్టాలి. పులిహోర తిని ఊరుకున్నాను. మావ ఎప్పట్లాగే పైపైన తుడిచాడు.

నెల తర్వాత లైసెన్సు తనిఖీకి ట్వంటే ఊరి దగ్గర సయా పొలానికి వెళ్ళాం. రెండుసార్లు పేల్చి చూపించమన్నారు. మొదటిది పేలింది. ఖాళీ తూటా సగం బయటికొచ్చి అక్కడే ఇరుక్కుంది. మావ వేళ్ళతో లాగుతున్నాడు, జారిపోతోంది.

"తాతా, తుపాకి కంటే నువ్వే పాతబడ్డావు," అన్నాడు తనిఖీకి వచ్చినాయన.

సయా నా వైపు తిరిగాడు. "లైబ్రరీ, ఏమైంది?"

"సరిగ్గా శుభ్రం చెయ్యకపోతే ఇలాగే అవుతుంది సయా," అన్నాను. అందులో అబద్ధం లేదు. మావ నా మొహంలోకి చూశాడు.

వారం తిరక్కుండా గేటుకి వేరే మనిషి వచ్చాడు. గేటుతో పాటు వాళ్ళుండే గదీ పోయింది. మావా అత్తా చిమిండైంగ్ పేటలో చుట్టాల ఇంటి వెనక చిన్న గదిలో చేరారు.

ఆ చిమిండైంగ్‌లోనే, ఒకప్పుడు తుపాకులు, ఇప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. సయా పంపితే తుపాకితో నేనే వెళ్ళాను. ఆయన చెక్క విప్పి లోపల గుడ్డ పెట్టి తిప్పాడు. గుడ్డ పచ్చగా, బంకగా వచ్చింది. "ఇందులో కూర వండిందెవరు?" అన్నాడు.

నేను సయా దగ్గరికి వెళ్ళి ఆ పేజీ సంగతంతా చెప్పాను, తప్పు నాదన్నాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "కొత్తవాడు బాగానే ఉన్నాడుగా," అన్నాడు.

ఆదివారం మావని చూడ్డానికి వెళ్ళాను.

"ఏటే, ముసలోడి సెయ్యి వణుకుతాదని మీ పుస్తకంలో ముందే రాసుందా?" అంది అత్త.

"ఊరుకోయే. పిల్లకి టీ ఇయ్యి," అన్నాడు మావ. ఆమె లోపలికెళ్ళాక గొంతు తగ్గించాడు. "ఇంజన్లాయన గుడ్డ నాకూ సూపించేడు. మీ అత్తకి సెప్పకు. నూనె తనే పూసింది. తట్టుకోలేదు."

ఆ పేజీ నేను ముందే చదివానని అప్పుడాయనకి చెప్పాను. ఆయన చేతిలో గ్లాసు పక్కన పెట్టి వీధివైపు తిరిగి కూర్చున్నాడు. అప్పట్నుంచి నన్ను అమ్మీ అని పిలవడం లేదు.

సాయం చేసినవాళ్ళ పేర్లు రాయడం మర్యాద. ఈ రోజుల్లో ఇక్కడ తుపాకి ఊసున్న కాగితం మీద పేరు రాస్తే వాళ్ళకే చేటు, కాబట్టి రాయను. గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రరీ ఆవిడకి, పచ్చ గుడ్డ దాచకుండా చూపించిన ఇంజన్ల పెద్దాయనకి, ఇప్పటికీ టీ పోసే అత్తకి నా కృతజ్ఞతలు. అత్తకి చదువు రాదు. ఇది ఎవరూ ఆమెకి చదివి వినిపించకండి.

మావకి కృతజ్ఞత చెప్పే మొహం నాకు లేదు. ఆయన చేతులు వణకవు. మొన్న టీ గ్లాసు నిండుగా అంచుదాకా పోసి నాకందించాడు. చుక్క ఒలకలేదు.