చివరి స్వరం

కీబోర్డు టీచరమ్మకి లోకంలో గిట్టనిది ఒక్కటే, నోరు ఊరుకోని మనిషి. ముప్ఫయ్యేళ్ళు స్కూలు వార్షికోత్సవాల్లో పిల్లల చేత పాటలు వాయించి, కింద కూర్చుని కబుర్లాడుకునే పెద్దల్ని చూసి చూసి ఆవిడకి విసుగెత్తింది. అందుకే రిటైరయ్యాక, ఆటిజంతో మాటలు రాని పిల్లల సెంటర్లో సంగీతం చెప్పడానికి ఒప్పుకుంది. అక్కడైనా ప్రశాంతంగా ఉంటుందనుకుంది, పిచ్చిది. అక్కడ డైరెక్టరుగారున్నారు.

పిల్ల కూర్చుంటే చప్పట్లు, లేస్తే చప్పట్లు, తుమ్మినా "వెరీ గుడ్" అనే రకం ఆయన. ఆ చప్పుడు ఈ పిల్లల చెవులకి నరకమండీ అని టీచరమ్మ రెండుసార్లు చెప్పింది. మంచి సూచన అంటూ ఆయన దానికీ చప్పట్లు కొట్టారు.

టీచరమ్మ పద్ధతి వేరు. ఒక వరుస వాయించి, చివరి స్వరం దగ్గర వేలు ఆపేస్తుంది. ఆపి ఎదురుచూస్తుంది, అంతే. ఏడేళ్ళ పిల్ల ఒకతె రెండు నెలలు కుర్చీ కాలు గోకుతూనే కూర్చుంది. మూడో నెలలో ఒకనాడు గోకడం ఆపి, మిగిలిపోయిన ఆ స్వరాన్ని "ఊఁ" అని సరిగ్గా అదే శ్రుతిలో పలికింది. టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. కళ్ళు తుడుచుకుని తర్వాతి వరుస వాయించింది.

డైరెక్టరుగారి ఫారంలో "ఊఁ"కి గడి లేదు. మాటలు, సున్నా. ఆర్నెల్లలో మార్పు కనపడకపోతే సీటు తీసేస్తారు, ఆ గడువూ దగ్గరపడింది. ఇంకే సెంటరూ చేర్చుకోని పిల్ల అది, తల్లికి భయంతో అన్నం సయించడం లేదు. టీచరమ్మ అహం చంపుకుని వెళ్ళి, ఒక్కసారి వచ్చి వినమనీ, వచ్చాక నోరు మెదపొద్దనీ ఆయన్ని బతిమాలింది.

వచ్చారు. పిల్ల తల్లి గోడవారగా నిలబడింది. టీచరమ్మ వాయించి ఆపింది. పిల్ల గోకడం మానింది, పెదవులు కదిలాయి. ఒక్క నిమిషం ఓపిక పట్టలేకపోయారు మహానుభావులు. ఆ స్వరం తనే పాడేశారు, అదీ అపశ్రుతిలో. పైగా చప్పట్లు. పిల్ల చెవులు మూసుకుంది.

టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. పళ్ళు బిగించి, పిల్ల చేతులు దించేదాకా ఆగి, మళ్ళీ వాయించి ఆపింది. ఆయన మళ్ళీ గొంతు సవరించుకున్నారు. పిల్ల లేచి తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది. కుర్చీలో ఉన్న ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. గది సద్దుమణిగింది. అప్పుడు కీబోర్డు వైపు తిరిగి "ఊఁ" అంది. తల్లి గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

చెయ్యి తియ్యగానే ఆయన మూతి తుడుచుకుని ఫారం పూర్తి చేశారు. మాటలు, సున్నా. పెద్దల మీద చెయ్యి చేసుకుంటోంది. సీటు రద్దు.

టీచరమ్మ తన కీబోర్డు ప్లగ్గు పీకి, వైరు చుట్టి చంకన పెట్టుకుంది. తల్లి దగ్గరికి వెళ్ళింది.

"రేపట్నుంచి మా ఇంటికి తీసుకురామ్మా. అక్కడ దీనికి ఒకళ్ళ నోరు మూసే పని ఉండదు."