దొరకి గుండు

ఫ్యాక్టరీ నుంచి వచ్చి గేటు తీసేసరికి వసారాలో ఒక గుండు జంతువు కూర్చుని ఉంది. ఒంటి మీద బొచ్చు లేదు. గులాబీ రంగు చర్మం, బయటికి కనబడే పక్కటెముకలు, నెత్తి నుంచి నడుము దాకా గంధం పూత. కెవ్వుమన్నాను. అది తోక ఊపింది. తోక చివర మాత్రం కాస్త కుచ్చు మిగిల్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అది మా కుక్కేనని పోల్చుకోగలిగేదాన్ని కాదు. పక్కన కుర్చీలో మావయ్య. ఆయనకీ గుండే. ఆయన నెత్తి మీదా గంధమే.

"అరుస్తావేటమ్మా? మొక్కు లా!" అంది అత్త లోపలి నుంచి, ఇక్కడి వాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి, కూర తాలింపు వేసుకుంటూ.

నా చేతిలో టిఫిన్ డబ్బా కింద పడింది. దాన్ని తియ్యాలని కూడా తోచలేదు.

అసలు ఆ కుక్క, తాతల కాలంలో తోటల కూలికి మనవాళ్ళు వలసొచ్చిన ఈ ఉక్కపోత దేశంలో, మా బంటింగ్ ఊళ్ళో ఉండాల్సింది కాదు. మంచు దేశాల్లో బండ్లు లాగే జాతి. పోర్ట్ క్లాంగ్ గోడౌన్లో మా ఆయనతో పనిచేసే అతను అపార్ట్‌మెంటుకి మారుతూ వదిలించుకోవాలని చూస్తే, ఈయన నాతో మాటైనా అనకుండా కారెక్కించుకుని వచ్చేశాడు. నీలం కళ్ళు, తెల్ల మొహం, ఎవర్నీ లెక్కచెయ్యని నడక. మావయ్య చూస్తూనే "ఎస్టేటు తెల్లదొరలాగున్నాడే!" అన్నారు. ఆ రోజు నుంచి వాడు దొర.

మా ఆయన ఫోనులో వీడియోలు చూపించేవాడు. అక్కడ చలికాలం వస్తే ఇంటిల్లిపాదీ మంచు మీదికి పోతారట. కుక్కలు చక్రాల్లేని బండ్లు లాగుతాయి. కొందరైతే కాళ్ళకి స్కీలనే పొడుగాటి జారుడు చెక్కలు కట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని కుక్క వెనకాలే జారుకుంటూ పోతారు. పసిపిల్లలు కూడా! నాకు చూస్తేనే ఒళ్ళు జలదరించేది. "మనకి మంచేదీ?" అంటే, "డిసెంబరు వానలున్నాయిగా, అదే మన చలికాలం" అన్నాడు. గోడౌన్లో పారేసిన చెక్కలకి ట్రాలీ చక్రాలు బిగించి బండి చేశాడు. మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, రోలర్ స్కేట్లు వేసుకుని దొర వెనకాల తాడు పట్టుకుంది. మొదటి మలుపులోనే కాలవలో తేలింది. బతికిపోయావని నాలుగు తిట్టి, బండి తప్ప ఇంకేదీ ఎక్కడానికి వీల్లేదని తేల్చేశాను.

మా వెనకాలే పామాయిలు తోట. ఒకప్పుడు మావయ్య అందులోనే దున్నపోతు బండి తోలి గెలలు మోశారు. కుక్క బండి లాగడమేమిటని మొదట పడీ పడీ నవ్వారు. తర్వాత దొర రోడ్డుకి అడ్డదిడ్డంగా పరిగెత్తడం చూసి ఉండబట్టలేక పగ్గం తనే పట్టుకున్నారు. ఎడమకి తిప్పాలంటే "దాపల", కుడికైతే "ఎలపల". దున్నలకి చెప్పిన మాటలే. దొర వారం తిరక్కుండా నేర్చేసుకున్నాడు. అంతకన్నా వింత, మా అమ్మాయి నేర్చుకుంది. తాత తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, బండి మీద నిలబడి "దాపల! దాపల!" అని తోటంతా దద్దరిల్లేలా అరిచేది. ఆ మాట వినబడితే చాలు, మావయ్యకి మొహమంతా నవ్వే. వానాకాలం పొద్దుటి పూట మా ఇంట్లో పండగలా ఉండేది.

ఒక పొద్దున్న వాన తెరిపిచ్చి ఉన్నట్టుండి ఎండ కాసింది. బండి మీద మా అమ్మాయి. "ఆపమ్మా, ఎనక్కి తిప్పు!" అని మావయ్య వెనక నుంచి కేకేస్తూనే ఉన్నారు, దొర ఆగలేదు. ఇంకాస్త దూరం లాగి, కొట్టేసిన మట్టల గుట్ట పక్కన కూలబడిపోయాడు. నాలుక నల్లబడింది. మా అమ్మాయి ఏడుపు నాకు ఇంట్లోకి వినిపించింది. నీళ్ళు పోసి, పశువుల ఆసుపత్రికని కారెక్కించాం. వెనక సీట్లో దొర తల ఒళ్ళో పెట్టుకున్న అత్త కళ్ళు మూసుకుని గొణుగుతూనే ఉంది. ఏదో దండకం అనుకున్నాను గానీ, తలనీలాలు మొక్కుకుంటోందని నాకెలా తెలుస్తుంది?

దొర బతికాడు. ఇదిగో, ఇవాళ నేను పనిలో ఉండగా అత్త మొక్కు తీర్చుకుంది.

"మరి గుడికెందుకు తీసుకెళ్ళలేదు?" అని అడిగాను, ఏం అడుగుతున్నానో నాకే తెలీక.

"కుక్కని గుళ్ళోకి రానిస్తారేటి? ఇంటికాడే తీసీసినాం. ఇంటి పిల్లకి తీయించినపుడు పెద్దోడు తోడుండాల, అందుకని మీ మావకీ తీసీసినాను. బొచ్చు తీసీసినాం గదా, ఇంక సల్లగుంటాడు."

ఆసుపత్రికి తీసుకెళ్తే పశువుల డాక్టరమ్మ దొర ఒళ్ళంతా తడిమి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ జాతికి బొచ్చు చలినే కాదు, ఎండనీ ఆపుతుంది. అదిప్పుడు లేదు. సరిగ్గా మొలుస్తుందో లేదో చెప్పలేం. పరుగన్న మాట మర్చిపోవాలి. ఈ వేడిలో వీడు బతకడం కష్టం, చల్లటి కొండ ప్రాంతంలో ఎవరైనా పెంచుకుంటామంటే ఇచ్చెయ్యండి అంది. అత్త మొహం పాలిపోయింది. తిట్టాలని దారంతా కూడబెట్టుకున్న మాటలు వదిలేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని కారెక్కించాను.

ఇంటికొచ్చాక మావయ్య నమ్మలేక, లాగుడు పట్టీలు తెచ్చి దొరకి తొడిగి చూశారు. అవి భుజాల మీంచి జారి కింద పడ్డాయి. బొచ్చంతా పోతే వాడు నిజంగా ఇంతే. ఆయన ఆ పట్టీలు ఎత్తి జానలతో కొలిచి చూసుకున్నారు.

"ఇంతేనేటి వీడు? ఇంత కూన సేతా నాను బండి లాగించినాను?"

మా ఆయన చల్లటి కామెరాన్ కొండల్లో, దొరని పెంచుకుంటానన్న ఒక కూరగాయల రైతుని వెతికి పట్టుకున్నాడు. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడతను. మా అమ్మాయి అన్నం ముట్టలేదు. నేనూ కంచం పక్కకి జరిపేశాను. కుక్కలంటే గిట్టదని ఇన్నాళ్ళూ చెప్పుకు తిరిగినదాన్ని.

ఆదివారం లేచి చూస్తే వసారాలో దొర లేడు. బండీ లేదు. ఆ రైతు అప్పుడే వచ్చి పట్టుకుపోయాడనుకుని చెప్పులైనా లేకుండా తోట రోడ్డు మీదికి పరిగెత్తాను. మా ఆయన నా వెనకాల.

మసక వెలుగులో బండి ఎదురొచ్చింది. దొర లాగడం లేదు. తడి తువ్వాలు కప్పుకుని బండిలో దర్జాగా కూర్చున్నాడు. వెనక మా అమ్మాయి. ముందు మావయ్య! తాడు భుజానికి వేసుకుని, గుండు మీద చెమట కారుతుంటే, వొంగి లాగుతున్నారు.



"అయ్యా, ఏటిది?" అన్నాడు మా ఆయన.

"దొరని లాగడం మన వంశానికి కొత్తేటి? మా తాత లాగినాడు, మా అయ్య లాగినాడు."

"నవ్వులాట కాదయ్యా. ఆ మనిషి బయల్దేరీసుంటాడు. వీడింక పరిగెత్తలేడు గదా."

మావయ్య ఆగారు. ఊపిరి కూడదీసుకున్నారు.

"లాగలేనోడిని కొండకి అంపీసెత్తే, మరి నన్నెప్పుడు అంపుతావురా?"

మా ఆయన ఫోను తీసి, పక్కకెళ్ళి, ఆ రైతుకి రావద్దని చెప్పాడు. క్షమించమని కూడా రెండు మూడుసార్లు అన్నాడు. ఎండ పూటంతా ఇంక దొర మా గదిలో ఏసీ కిందే అని నాతో అన్నాడు.

"అమ్మా, తాతకి ఆయాసం. నువ్వూ పట్టు లా," అంది మా అమ్మాయి. తెలుగులో.

తాడు రెండో కొస భుజాన వేసుకున్నాను. దొర నా వీపు వెనక నుంచి ఒకసారి మొరిగాడు.

"ఎలపల!" అని అరిచింది అమ్మాయి. నేనూ మావయ్యా కుడికి తిరిగాం.