పైకి కురిసే మంచుకు ఒక చిట్టీ

చిక్కడపల్లిలో విద్యావతి టీచర్‌ను ఎరగనివాళ్లు తక్కువ. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. "ఒక్కసారి చూసింది చూసినట్టు కాదు, మళ్ల చూడాలె" అని పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేది. కూరగాయల బండి దగ్గరా అంతే, తూకం రెండుసార్లు వేయించేది. అలాంటి మనిషి నా చిట్టీలో అబద్ధమాడి సొమ్ము ఎత్తుకుపోతే నాకు అరికాలి మంట నెత్తికెక్కదా?

నాది అశోక్‌నగర్. మేడమీది గదులు గ్రూప్స్‌కు చదివే ఆడపిల్లలకు కిరాయికిచ్చి, కింద ముందుగదిలో నెలకో ఆదివారం పొద్దున ఆడవాళ్ల చిట్టీ నడుపుతాను. ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే ఆ నెల సొమ్ము వాళ్లది. వదులుకున్నది మిగతావాళ్లం పంచుకుంటాం. మా చిట్టీకి ఒక కట్టుబాటుంది. సొమ్ము ఎందుకో అందరి ముందు చెప్పాలి. రోగమని చెబితే ఎవరూ ఎదురు పాడకూడదు, పైసా తగ్గించకుండా ఇచ్చేయాలి.

2011లో, తెలంగాణ ఉద్యమం బందులు లేని ఆదివారం దొరకడమే గగనమైన రోజుల్లో, టీచర్ "మోకాలి ఆపరేషన్" అంది. ఎవరూ ఎదురు పాడలేదు. అక్కడితో ఆగితే మా ఆడవాళ్లెందుకవుతారు? ఒకామె నువ్వులనూనె కాచి తీసుకెళ్లింది, ఇంకొకామె మేకకాళ్ల పాయా మోసుకెళ్లింది. పాపం, టీచర్ దోమలగూడ దాకా పోయినా కుంటాల్సి వచ్చింది. ఒకరోజు కుడికాలు, ఒకరోజు ఎడమకాలు. రెండూ పోయాయేమోనని నేను జాలిపడ్డాను కూడా.

చివరికి ఆమె భర్త ఉమాకాంత్ గారే మా ఇంటికొచ్చారు. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి.

"స్నేహలతమ్మా, మా ఇంట్ల మోకాలు ఎవరికి ఖరాబైంది? ఆపరేషన్ ఎప్పుడని అందరు నన్ను అడుగుతున్రు."

ఆ క్షణమే చిక్కడపల్లికి నడిచాను. టీచర్ వంటింట్లో స్టూలెక్కి అటకమీది డబ్బా దించుతోంది.

"టీచర్! రేపు నిజంగ రోగమొచ్చినామెను ఎవరు నమ్మాలె?" అని అరిచాను.

ఆమె దిగి, తలుపు దగ్గరకు వేసి, అంతా చెప్పింది. అంతకుముందు ఏడాది ఆలుమగలిద్దరూ కాచిగూడ యాత్రవాళ్లతో బదరీకి వెళ్లారు. అక్కడికి ఇంకా పైన ఒక చిన్న ఊళ్లో పొద్దున్నే అందరూ టీకొట్టు చుట్టూ మూగితే, ఈమె ఒక్కతే ఎదుటి కొండకేసి చూసింది. గాలన్నది లేదు. కొండవాలు మీది మంచు రేణువు రేణువుగా లేచి ఆకాశంలోకి కురుస్తోంది. తొందర లేకుండా, మెరుస్తూ, పైపైకి పోయి నీలంలో కలిసిపోతోంది. కాసేపటికి ఆగిపోయింది.

"ఒళ్లంత వణికింది స్నేహలతా. ఏది ఎగరేసినా కిందికే వస్తదని బతుకంత పిల్లలకు చెప్పినదాన్ని. ఆయనకు చూపెడ్దామంటే అప్పటికే ఆగింది. గాలి తక్కువై కండ్లు తిరిగినయ్ నీకు అన్నరు. అయితే అయుండచ్చు. గదే నా బాధ. నేను చూసిన్నా, చూడలేదా?"

ఆ టీకొట్టు నడిపే ఆవిడతోనే మాట్లాడుకుందట. రోజూ పొద్దున కొండను కనిపెట్టి చూడాలి, మంచు లేస్తే చెప్పాలి. ఆమె జీతం, ఫోన్ రీచార్జి, ఒక దుర్భిణి, అన్నీ కలిపి ఏడాదికి బడ్జెట్ వేసుకుంది. పెన్షనేమో ఉమాకాంత్ గారి కళ్ల ముందే ఖర్చవుతుంది. అందుకని నా చిట్టీ మీద పడింది.

"మాకు చెప్తే ఏమైతుండె?"

"చెప్తే వచ్చే ఏడాదికి ఆడ గుడి లేస్తది, హుండీ లేస్తది. మంచు లేస్తుందా లేదా అని చూసెటోళ్లే ఉండరు."

నవ్వొచ్చింది గానీ కోపం పోలేదు. చిట్టీలో అందరి ముందు నిజం చెప్పమన్నాను, లేదంటే సొమ్ము వాపస్ చేయమన్నాను. వాపస్ చేస్తే కొండమీద కాపలా ఆగినట్టే. ఆమె తల వంచుకుని వచ్చి చెప్పింది. పాయా కాచినామె తన గ్యాసు దండగైందని లబలబలాడింది. మాలో పెద్దదైన సుబ్బులు పెద్దమ్మ తీర్పు చెప్పింది: "రోగమని అబద్ధమాడుడు తప్పు. పాటలో ఎంత వదులుకుంటుండెనో అంత ఇయ్యాలె. మిగిలినదాంతోని సూసుకోనీ." అలా ఏడాది బడ్జెట్ ఎండాకాలానికి కుదించుకుపోయింది.

ఇక ప్రతి చిట్టీ ఆదివారం పాటకు ముందు కొండకు ఫోన్ చేయడం మాకు అలవాటైపోయింది. "కుఛ్ నహీ మేడమ్," ఏమీ లేదు, అనేది టీకొట్టావిడ. ఒక నెల పొగమంచు, ఒక నెల గాలి. టీచర్ ముఖం నెలనెలా చిక్కిపోతుంటే నాకే దిగులేసేది. సొమ్ము అడుగంటింది. ఇక మానేద్దామని చెప్పడానికే మే నెలలో టీచర్ ఫోన్ చేసింది. అప్పటికి సంగతంతా తెలిసిన ఉమాకాంత్ గారు ఆ రోజు ఆమెను తీసుకొచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నారు.

 స్పీకర్లో టీకొట్టావిడ గొంతు, "మేడమ్, ఉఠ్ రహా హై." లేస్తోందట!

టీచర్ కేక పెడుతుందనుకున్నాను. ఆమె నిదానంగా హిందీలో, అగర్‌బత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూడమంది. నిటారుగా పోతోందని జవాబు. గాలి లేదన్నమాట. పక్కన ఎవరున్నా వాళ్లను కూడా చూడమంది. ఎవరో ముసలాయన గొంతు "హే భగవాన్" అని ఆగిపోయింది. 

మా కళ్ల ముందున్నది సున్నం గోడ, తిరిగే ఫ్యాను. అయినా సుబ్బులు పెద్దమ్మ లేచి నిలబడింది. ఆమెను చూసి అందరం నిలబడ్డాం. ఎక్కడో, ఎవరి అనుమతీ అడగకుండా, మంచు పైకి కురుస్తోంది. ఇంత పెద్ద లోకంలో మనకు తెలిసింది ఎంత తక్కువో అనిపించి నాకు భయమూ వేసింది, సంతోషమూ కలిగింది.

"రుక్ గయా" అందావిడ. ఆగిపోయింది.

అప్పుడు టీచర్ కూలబడి ఏడ్చింది. "నేను చూసిన. నిజంగనే చూసిన."

ఉమాకాంత్ గారు ఆడవాళ్ల మధ్యలోంచి వచ్చి ఆమె ముందు నేలమీద కూర్చున్నారు.

"ఇంకో ఏడాది చూడాలంటే ఎంతైతది, విద్యా? నాతోని చెప్పు. కుంటుకుంట తిరిగే ఖర్మ నీకేంది?"